లేని ఇల్లు

మా పటాల గదికి ఆవిడ మార్చిలో వచ్చింది,
రబ్బరు బూట్ల మంచు గుమ్మంలోనే దులుపుకొని.
పేరు తెక్లా. లెమ్కో మనిషి. బొర్త్‌నికాలో పుట్టానంది.
ఆ ఊరికి బస్సు లేదు. ఊరే లేదు.

మూడు పటాలు పరిచాను బల్ల మీద.
మొదటిది చక్రవర్తి కాలంది.
కార్పాతియన్ కొండల వాలును చేత్తో గీశారు,
నిటారైన చోట గీతలు దట్టం, దిగువకొచ్చేసరికి పలచన,
దువ్వీ దువ్వక వదిలేసిన జుట్టులా.
వాగు పొడవునా ఇళ్లు, ఒక్కోటీ నువ్వుగింజంత నలుపు.
అరవై మూడు, అన్నాను లెక్కపెట్టి.
అరవై రెండే, అంది చూడకుండానే.

వేలు కాగితానికి ఆనించలేదు. గాల్లోనే నడిపింది.
బావి దారికి ఎడమన ఉండాలి కదా, కుడిన వేశారేమిటని
కాసేపు నాతో పోట్లాడి,
బల్లకు అటువైపు నుంచి చూసి ఊరుకుంది.

అడవి అంచున, అందరికీ దూరంగా, ఒక గింజ.
అక్కడ ఆగింది వేలు.
ఆవిడ నవ్వుకు పక్క బల్ల కుర్రాడు తలెత్తాడు.

"ఇది ఇల్లు కాదమ్మాయ్, మా ముత్తాత సెమాన్ గడ్డిపాక.
అందులో దొంగచాటుగా ప్లమ్ పళ్ల సారా కాచేవాడు.
సర్వే దొర అవతలి గట్టు మీంచి దుర్భిణిలో చూశాడట.
పొగ లేస్తోంది కాబట్టి కాపురం ఉందనుకున్నాడు.
దిగొస్తే సారా దొరికేది. రాలేదు.
మా వాళ్లు మూడు తరాలు చెప్పుకు నవ్వారు."

రెండో పటం మొదటిదాన్ని చూసి గీసిందే.
గింజ అలాగే ఉంది.

మూడోది యుద్ధం తర్వాతది.
నలభై ఏడులో, రెండు గంటలు గడువిచ్చి
ఊరిని బళ్లెక్కించారు. ఆవు, పరుపు, చర్చి గంట తాడు.
తాడెందుకు తెచ్చుకుందో అమ్మ ఎప్పుడూ చెప్పలేదంది.
మూలప్రతిలో వాగు పొడవునా బ్లేడుతో గీకిన చోట
కాగితం ఇంకా నూగుగా తగులుతుంది.
పైన ఆకుపచ్చ పూశారు.

అడవి అంచు దాకా బ్లేడు పోలేదు.
ఎవరూ ఎక్కి చూసినట్టు లేదు.
అరవై రెండు ఇళ్లూ పోయి
ఎన్నడూ లేని ఆ ఒక్కటి మిగిలింది.

తెక్లా ఈసారి నవ్వలేదు.
కళ్లద్దాలు తుడుచుకొని అడిగింది:
"దీనికి ఇంటి నంబరు ఇస్తారా?"

ఇవ్వరు.
తప్పు కనబడితే ఫారం నింపాలి, నా ఉద్యోగమే అది.
ఆవిడ వెళ్లాక తీశాను. షీటు నంబరు వేశాను,
తేదీ వేశాను. 'తొలగించవలసినది' అన్న గడి దగ్గర
పెన్సిల్ ములుకు విరిగింది.
చెక్కుకోవచ్చు. చెక్కేది సొరుగులోనే ఉంది.