నడుం కొలత

ఆఫీసోళ్ళిచ్చిన బెల్టు ఎర్రగా, కొత్తగా,
ఎవరి నడుముకో కుట్టినట్టుంది.
మూడో చెట్టుకే తొడ ఒరుసుకుపోయింది.
ఇరవయ్యేళ్ళు మోకు మీద వేలాడినవాణ్ణి,
నార కోత తెలుసు నాకు. నైలాను కోత వేరు.

అంబాజీపేటలో ఇజ్రాయేలుకి చూపిస్తే
కుడుతున్న చెప్పు పక్కనబెట్టి
ఒక్కటే అడిగాడు:
"చెట్టు నిన్నెక్కడ కరుస్తోంది?"
ఎడమ తుంటి.
పురికొస చుట్టి, ఊపిరి బిగబట్టించి ఒక ముడి,
వదిలించి ఒక ముడి.
"రేపు చద్దన్నం తిని రా, మూడోదేస్తా."

పాడైన ఆటో సీటులో స్పాంజి,
దాని మీద గేదె తోలు,
తొడపట్టీలు ఇంకో రెండంగుళాల వెడల్పు.
కత్తి కొక్కెం ఎడమకి మార్చాడు, నాది పుర్రచెయ్యి.
ఆముదం పట్టించి
మూడ్రోజులు నీడలోనే ఆరబెట్టాడు.

మొన్న దింపులో, కాలవగట్టు చెట్టెక్కి
మొవ్వు కింద కూర్చున్నాను.
నిజంగానే, అరుగు మీద కూర్చున్నట్టు.
రెండు చేతులూ ఖాళీ.
వాటినేం చెయ్యాలో తెలీక గౌతమి వైపు చూశాను.
"ఏరా చిట్టియ్యా, గెల దింపుతావా,
అక్కడే కాపరం పెడతావా?" కిందనుంచి కామందు.
కాయలేరుతున్న పల్లాలమ్మ
తలెత్తి చూసింది. చాలాసేపు.

తెల్లారి గోడకొయ్యకున్న బెల్టు తీస్తే
నా కన్నానికి నాలుగంగుళాలు లోపలగా
ఇంకో కన్నం.
కాల్చిన మేకుతో పొడిచింది, అంచు ఇంకా నల్లగా.

నేనేం అడగలేదు.
పెరట్లో పొట్టి చెట్టు దగ్గరికి నడిచాను.
వెనకాల
గాజులు తీసి గూట్లో పెట్టిన చప్పుడు.