పువ్వులు లేని శాఖ

ముప్ఫై ఒక్కేళ్ళు
ఒతీలియా కాటెపియాన్ తెచ్చిన ఆకుల్ని
అట్టలకు అంటించింది నేనే.
వాల్దీవియాలో వాన పడని రోజంటే
నమూనాలు ఆరే రోజు.
అలాంటివి ఏడాదికి ఎన్నో
వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు,
జిగురంటిన వేళ్ళ మీద.

మేడ మీద గులాబీ కుటుంబం వాళ్ళు, ఆర్కిడ్ల వాళ్ళు,
కిటికీలున్న గదులు వాళ్ళవి.
మాది నేలమాళిగ.
ఫెర్న్‌లూ, శంకువులు కాసే చెట్లూ
పూయవు కనుక
ఎవరూ కిందికి దిగి రారు.
పువ్వు పుట్టగానే పరిమళిస్తుందట.
పుట్టని పువ్వు సంగతి
ఏ సామెతా పట్టించుకోలేదు.

ఆమె పట్టించుకుంది.
ఫెర్న్ ఆకు తిరగేసి
అడుగున గోధుమరంగు చుక్కల మీద
భూతద్దం ఆనించి,
"చూడు ఎల్బా, నేతపని
వెనకవైపే తెలుస్తుంది" అనేది.

మొదటి అట్ట నాకింకా కంఠస్థం.
పొర ఫెర్న్. ఒకే ఒక్క కణం మందం.
ఎత్తి పట్టుకుంటే అవతల నా వేలు కనపడింది.
కింద ఆమె చేతిరాత:
స్థలం: పియూచేన్ కొండలు, పడమటి వాలు.
ఎత్తు: ఆరువందల మీటర్లు.
ఆధారం: నరికిన అలెర్సే మొద్దు.
నరికినవాడు: సేకరించినామె తండ్రి.

టైపు చేస్తూ ఆగాను.
ఈ చివరి వరుస తీసేద్దామా అన్నాను.
"దేని మీద పెరిగిందో చెప్పకపోతే
నమూనా అబద్ధమాడుతుంది" అంది.
టైపు చేశాను.

వాళ్ళ నాన్న పెంకులు చీల్చేవాడు,
చెక్క పెంకులు, ఊళ్ళో ఇళ్ళకీ చర్చి గోడలకీ.
గొడ్డలి పడితే అలెర్సే
పుస్తకంలా విడిపోయేదట,
ఎర్రటి పుటలు పుటలుగా.
చదువుకోని మనిషి.
రెండు వేల వలయాల్ని
ఒక మధ్యాహ్నంలో విప్పేసేవాడు.
ఆ డబ్బుతో కూతురికి బూట్లు,
ఆ బూట్లతో కూతురు బడికి.
ఆమె మళ్ళీ ఆ మొద్దుల దగ్గరికే వెళ్ళి
బోర్లా పడుకుని
సూదిమొనతో వలయాలు లెక్కపెట్టింది,
పెదాలు కదుపుతూ,
జపమాల తిప్పుతున్నట్టు.
ఎన్నిసార్లో వరుస తప్పి, మళ్ళీ మొదటికి.

పేరొచ్చిందా అంటారేమో. వచ్చింది, ఒకటి.
కొత్త ఫెర్న్ అని ప్రకటించింది,
నాన్న పేరు పెట్టింది దానికి.
మేడ మీది వాళ్ళు మొదటిసారి మెట్లు దిగారు.
పదకొండేళ్ళ తర్వాత
దూరదేశపు మ్యూజియంలో
ఎలుక కొరికిన పాత అట్ట ఒకటి చూసి
ఆ మొక్కకి ముందే ఇంకో పేరుందని గ్రహించింది.
ఎవరూ అడగలేదు.
ఎవరూ కనిపెట్టేవారూ కారు.
తనే రాసింది, పేజీన్నర:
నేను పెట్టిన పేరు చెల్లదు.
ఆ రాత్రి అట్టలన్నిటి మీదా
నాన్న పేరు పక్కన సవరణ చీటీలు
నా చేతికివ్వక, తనే అంటించుకుంది.
జిగురు ఎక్కువైంది. కొన్ని ముడతలు పడ్డాయి.
నేను సరిచెయ్యలేదు.

పదవీ విరమణ రోజు డీన్ గారు
ఎర్ర కార్నేషన్ల గుత్తి చేతిలో పెట్టారు.
ఆమె తిప్పి తిప్పి చూసి,
ఆకు అడుగున కూడా చూసి,
"ఎల్బా, వీటి గురించి నాకేమీ తెలీదు,
నువ్వు తీసుకో" అంది.
అందరూ నవ్వారు.
ఆమె హాస్యమాడలేదు.

వాళ్ళింట్లో కుండీలో అలెర్సే మొలక ఒకటి.
మొలకేమిటి, ఇరవై రెండేళ్ళది,
ఇంకా నా మోకాలు దాటలేదు.
నీళ్ళు పోస్తూ "తొందరేం లేదు" అంటుంది,
దానితోనో, తనతోనో.

మంగళవారాలు వస్తుంది.
గేటు దగ్గర కొత్త కాపలా కుర్రాడు
ఆమెవరో తెలీక
సందర్శకుల పుస్తకం ముందుకు తోస్తాడు.
గొడుగు మడిచి, కళ్ళజోడు తుడుచుకుని
"వచ్చిన పని" అన్న గడిలో
ప్రతిసారీ అదే రాస్తుంది:
ఒక పేరు సరిచూడాలి.