నూట నలభై గ్రాములు

శ్రీకాకుళం, డే అండ్ నైట్ జంక్షన్ దాటాక
నాలుగు మెట్లు కిందికి దిగే దుకాణం.
సర్వేయర్ల గొలుసులు, మూడుకాళ్ళ స్టాండ్లు,
ఎవరూ విప్పని టేపుల మీద ఏళ్ళ దుమ్ము.
పొట్నూరు గున్నయ్యగారు గాజుబల్ల మీద
జీపీయస్‌లు నాలుగు వరసగా పెట్టి
"ఫోన్లో ఉంది కదమ్మా దారి, ఇదేటికి?" అన్నారు.

పోయిన మాఘంలోనూ ఫోన్లోనే ఉంది.
మహేంద్రగిరి సగం దిగేసరికి
మంచు కమ్మి నా చెయ్యి నాకే కనపడక,
తెర మీద నీలం చుక్క ఒక్కటి
తెల్లకాగితం నడుమ నిలబడి
తానెక్కడుందో నన్నే అడిగింది.
పదకొండు శాతం దగ్గర అదీ కళ్ళు మూసింది, చలికి.
ఆ రాత్రి ఒక బండ కింద ముగ్గురం,
ఒక్క బిస్కెట్ పొట్లం.
"తెల్లారితే కొండే సెప్తాది" అని
సవర లక్కాయి గురకపెట్టి నిద్రపోయాడు.
నేను మాత్రం కోడికూత లేని ఆ చీకట్లో
జీతంలో నెలకెంత దాస్తే
ఇలాంటిదొకటి వస్తుందో లెక్కేసుకున్నాను.

పలాసలో పదహారేళ్ళుగా జీడిపప్పు గ్రేడు కడతాను.
రెండొందల నలభై ఏదో, మూడొందల ఇరవై ఏదో
కళ్ళు మూసుకుని వేళ్ళతో చెప్పగలను.
అందుకే ముందు చూడలేదు,
ఎత్తాను.

మొదటిది అరచెయ్యంత తెర, రంగురంగుల పటం.
తాకితే చాలంట.
గ్లాసుడు నీళ్ళు అడిగి, వేళ్ళు ముంచి తాకాను.
మందస కొండలన్నీ జర్రున జారి
బారువ సముద్రంలో పడ్డాయి.
"వానలో వాడరు కదమ్మా..."
వానలోనే కదండీ తప్పిపోతాం!

రెండోది నాజూకైనది, చార్జింగ్ లోపలే.
పదహారు గంటలన్నారు.
పదిహేడో గంటకి ప్లగ్గు ఎవరిస్తారు, ఎలుగుబంటా?
మూడోదానికి గాలి బరువు కూడా తెలుసట.
ధర చీటీ చూసి
నా చెయ్యి దానంతటదే కింద పెట్టేసింది.

మిగిలింది పాత మోడల్.
గట్టి బొత్తాలు, నొక్కితే టిక్కుమంటాయి.
రెండు పెన్సిల్ సెల్స్ చాలు, మందసలో ఏ కిరాణా కొట్లోనైనా దొరికేవి.
లోపల మసకగా ఉన్న తెర
ఎండలోకి తెస్తే తేటపడింది.
కాలవగట్టు మీద నిలబడి పైకి పట్టుకున్నాను.
"సిగ్నల్ లేదేటమ్మా?" ఆటో అబ్బాయి.
"వెతుకుతోంది."
నాలుగు గీతలు లేచాయి, ఏడు, పదకొండు.
పదకొండు ఉపగ్రహాలు కలిసి
ఈ మురుగుకాలవ పక్కన నన్ను కనిపెట్టాయి.
నవ్వొచ్చింది, కొంచెం సిగ్గు కూడా.

సెల్స్‌తో కలిపి నూట నలభై గ్రాములు.
రెండొందల నలభై గ్రేడులో అయితే
డెబ్బై నాలుగు పప్పులు.
అంతకన్నా ఒక్క పప్పు ఎక్కువైనా
పై ఎక్కుడులో మెడకి తెలుస్తుంది.

ఆదివారం కొండ మొదట్లో
లక్కాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.
"ఇందులో నానెక్కడ?"
"ఈ ముల్లు."
"కదల్దేటి?"
"నడవాలి. నిలబడితే
మనం ఎటు చూస్తున్నామో దీనికి తెలీదు."
రెండడుగులు వేశాడు, ముల్లు తిరిగింది.
మా వైపు మొహం పెట్టి వెనక్కి వెనక్కి నడిచాడు,
ముల్లు అతని వీపు వెళ్ళే దిక్కే చూపించింది.
"నా మొకం కాదు, నా యీపునే నమ్మింది!"
చాలాసేపు నవ్వాడు. దగ్గొచ్చేదాకా.

ఆ బండ దగ్గరికి వచ్చేసరికి పొద్దు నడినెత్తిన.
కింద ఇంకా మా బిస్కెట్ కాగితం, రంగు వెలిసి.
దీనికి తెలుగు రాదు,
పేరు పది అక్షరాలకి మించితే మింగేస్తుంది.
మంచు రాత్రి, ముగ్గురం, గురక
అవేవీ పట్టవు.
ఆర్, ఏ, ఐ.
రాయి అని కొట్టి, దాచి, తలెత్తేసరికి
లక్కాయి మలుపు తిరిగిపోయాడు.