అక్రోటు కాదు

నలభై పౌన్లకి ఇచ్చింది బెరిల్ హాజెట్స్,
తలుపు సగమే తెరిచి:
"గురి బాగానే ఉంటుంది, మొహమే బాగోదు."
తుపాకీ గురించా, పోయిన క్లైవ్ గురించా,
నేను అడగలేదు.

కిడ్డర్‌మిన్‌స్టర్‌లో
మూతపడ్డ తివాచీల మిల్లు వెనక మా షెడ్డు.
ఫిబ్రవరి. పారాఫిన్ హీటరు
మోకాళ్ళ దాకే వెచ్చన.
గొట్టమూ స్ప్రింగూ విప్పి పక్కన పెట్టి
పాత సాక్సులు చుట్టి
కట్టెని వైసులో బిగించాను.

రంగు చూడాలి దాని రంగు!
మాడిన తిరగమోత.
ఎవరో ఫ్యాక్టరీవాళ్ళు
అక్రోటు చెట్టుకి పుట్టిందని
దొంగ జాతకం రాసి పంపిన
బీచ్ చెక్క.

స్ట్రిప్పర్ పూస్తే పొర ఉబ్బింది.
పాల మీద మీగడలా అనబోయాను,
కాదు, ఎండకి కమిలిన వీపు తోలులా.
గీకాను, కింద ఏదో ఉంటుందని.
ఉంటుందిగా ఎప్పుడూ!
సున్నం కింద పాత నీలం,
కోపం కింద ఏడుపు,
మట్టి కింద బిందె.

ఇక్కడ మాత్రం
చెక్కు తీసిన బంగాళదుంప.

అల లేదు, సుడి లేదు,
నువ్వులు చల్లినట్టు చిన్న చిన్న గోధుమ గీతలు, అంతే.
కలప అడితిలో లెక్కలు రాసిన మా మేనమామ
దుంగ కొసన వేలు పెట్టి
చేవ ఎంతుందో కొలిచేవాడు.
దీన్ని చూస్తే
వేలు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయేవాడు.

ఊరుకోలేదు నేను.
ట్రిగ్గరు గార్డు దాచేసే చోట
టీ డికాక్షన్ రాసి చూశాను.
వెనిగర్‌లో ఇనుప పీచు నానబెట్టి చూశాను.
సిగ్గు విడిచి చెబుతున్నా, గోరింటాకు కూడా.
ఒక చోట దాహం, ఒక చోట పత్యం,
మచ్చలు మచ్చలుగా తాగింది.
గరుకు కాగితంతో మూడు సాయంత్రాలు
నా ముస్తాబంతా నేనే చెరుపుకున్నాను.

నొక్కుల పని నాకు తేలిక.
ఇరవై రెండేళ్ళు ఆల్టరేషన్ల కొట్లో నిలబడ్డ చెయ్యి.
తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే
బుస్సుమని ఆవిరి,
గోటి లోతు గుంట
నిద్ర లేచినట్టు పైకొచ్చింది.
ఇంకోటి. ఇంకోటి.

చెంప ఆనే చోట మాత్రం లేవలేదు.
తడిపాను, కాల్చాను, మళ్ళీ తడిపాను.
తర్వాత తట్టింది,
అది నొక్కుకుపోయిన చోటు కాదు, అరిగిపోయిన చోటు.
నొక్కితే కట్టె గుర్తుంచుకుంటుంది,
నీళ్ళిస్తే తిరిగొస్తుంది.
అరిగితే,
గుర్తుంచుకోవడానికి అక్కడ కట్టేది?
క్లైవ్‌వి ఎన్ని గురువారాలో
పొడిగా రాలిపోయాయి.
నా దవడ పెట్టి చూశాను.
సగమే నిండింది.

చదును చేసేద్దామని చిత్రిక తీశాను.
మళ్ళీ పెట్టెలో పెట్టాను.

ఇక రంగులేమీ లేవు, అవిసె నూనె ఒక్కటే.
అరచేత్తో, పసిపిల్లకి తలంటినట్టు.
రోజుకో పూత, పదకొండు రోజులు.
నూనె గుడ్డలు ఉండచుట్టి పడేస్తే
వాటంతటవే అంటుకుంటాయట,
దండెం మీద విడివిడిగా ఆరేశాను.
పక్కింటాయన కంచె మీంచి చూసి
బట్టలు ఉతకడం రాదనుకున్నాడు.
కట్టె మొహం అలాగే ఉంది.
కాస్త తేనె తాకిన బంగాళదుంప.

గురువారం, పబ్బు వెనక గది.
గోడకి ఇనుప పలక, మధ్యలో సన్నటి రంధ్రం,
దాని వెనక గంట.
రంధ్రంలోంచి పోతేనే మోగుతుంది,
లేకపోతే పలకకి చప్పటి చప్పుడు.
"పాలిష్ మర్చిపోయావా?" అన్నాడు నార్మన్ పిక్‌రెల్.
"లేదు, తీసేశాను" అన్నాను.
బెంచీలో ఎవరో నవ్వారు.
చెంప ఆనించాను.
నూనె వాసన, చల్లదనం,
ఇంకా నాది కాని పల్లం.

మొదటిది మోగలేదు.
రంధ్రానికి ఎడంగా బూడిద చుక్క.

స్కోరు రాసే కుర్రాడు లేచి వెళ్ళి
తెల్లరంగు కుంచె ఒక్కసారి తిప్పాడు.
చుక్క లేదు, పలక మళ్ళీ కొత్తది.
దానికి ఆ సుఖం ఉంది.

కుర్రాడు పక్కకి తప్పుకునే దాకా
గొట్టం కిందికి దించి,
బొటనవేలితో ఆ పల్లం తడుముతూ
నిలబడ్డాను.