బెత్తెడా, రెండు వేళ్లా

దేవరకొండల, డిండి రోడ్డు మీది షెడ్డుల
నా జీపు కింద పండుకున్నడు మదార్ సాబ్.
రెండు కాళ్లే బయటికున్నయి.
ఆ కాళ్లే అడిగినయి నన్ను:
"ఎంత లేపమంటవ్?
రెండు వేళ్లా, బెత్తెడా?"

బెత్తెడన్న.
అనంగనే మనసు ఎగిరి
ఆ ఎత్తు మీద కూసున్నది.

ఫోన్ల సూసిన బొమ్మ అట్లుండె మరి.
నడుమెత్తు టైర్లు,
బురదను కొరికే పండ్లు,
బండి కింద మేకపిల్ల నిలవడి నిద్రపోవచ్చు.

ఆయన బయటికొచ్చిండు,
గడ్డంల తెల్ల వెంట్రుకలకు గ్రీజు.
టైరుకూ మడిగార్డుకూ నడుమ వేళ్లు పెట్టి
పసిపిల్ల దవడ కింద బిళ్లలు తడిమినట్టు తడిమిండు.

"పొద్దుగాల ఏం మోస్తవ్?"
పాలు. మూడు తండాలు, పదకొండు క్యాన్లు.
"పగలు?"
మనుషులను.
"రాత్రి?"
ఎవలకు నొప్పులొస్తే వాళ్లను.

"బెత్తెడు లేపితే కమాన్ పట్టీలు బిర్రయితయి.
నువ్వు సెంటర్ కాడికి చేరేటాలకు
క్యాన్లల్ల పాలుండయి, వెన్నుంటది.
షాఫ్టు వంగి తిరుగుతది, అరవై దాటితే వణుకు.
బ్రేకు పైపు చాలది.
సాగర్ రోడ్డు మీద గాలి కొడితే
కల్లు తాగినోని లెక్క ఊగుతవ్."

బెదిరించలేదు. పానా తుడుసుకుంట
గోడకు చెప్పినట్టు చెప్పిండు.

నల్లగొండల ఉప్పలయ్య
గోడకు నాలుగు టైర్లు ఆనిచ్చి
గడ్డలు గడ్డలున్నదాన్ని తట్టిండు:
"రేగడిల రాజు ఇది."
నిజమే కావచ్చు.
కని తారు మీద దాని గొంతు నాకెరుకే,
మా బావమరిది బండెక్కితే
తేనెతుట్టెల తల పెట్టినట్టుంటది.
నాకు బురద ఏడాదికి నలభై రోజులు.
మిగిలిందంత తారు, మొరం, కంకర, పల్లేరు కాయలు.
నలభై రోజుల కోసం
మూడు నూర్ల ఇరవై ఐదు రోజులు
చెవులను కుదువ పెట్టాల్నా?

అయినా మనసు దిగలేదు ఇంకా.
బెత్తెడు, బెత్తెడు అంటనే ఉన్నది.

దించింది ఈదమ్మ.

అంగన్‌వాడీల వంట చేస్తది.
మర్రిగూడ దిక్కు పుట్టింది,
చిన్ననాడు తాగిన బోరు నీళ్లు
మోకాళ్లల్ల రాయి కట్టినయి.
ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టే ముందు
చేత్తోని మోకాలును అడుగుతది, బతిమాలుతది,
ఆఖరికి చీర కుచ్చిళ్లతోని సహా ఎత్తి పెడుతది.
ఆ ఎత్తు నేను రోజూ సూస్తున్న,
కొలిచింది మాత్రం ఆ పొద్దే, టేపుతోని.
పదహారు అంగుళాలు.
పందొమ్మిదైతే ఆమె ఏమనది.
పైసలు కట్టినవు గదా బిడ్డా, మంచిగున్నది అంటది.
తెల్లారి నుంచి నడిసిపోతది.

"ఒక్క పట్టీ ఎక్కియ్యి సాబ్.
రెండు వేళ్లు చాలు. కింద ఒక మెట్టు అతికియ్యి."

టైర్లు అటూ ఇటూ కాని రకం తీసుకున్న,
కొంచెం సన్నయి.
సన్న టైరు నేలను జల్ది దొరకబట్టుకుంటదన్నడు.
వెడల్పువి ఇంకా బాగుంటయి సూడనీకి,
అబద్ధమెందుకు.

ఇగ మిగిలింది వాగుల రాయి.
నక్కలగుట్ట తండా దాటంగనే
హౌసింగుకు ఠంగున తగిలే రాయి.
బెత్తెడు లేపితే దాటేదే,
రెండు వేళ్లకు దాటలే.
శనివారం దస్రు, నేను, రెండు గడ్డపారలు,
ఇంత చాయ పట్టుకొని పోయినం.
బండి లేవకపోతే రాయి దిగాలె గదా.

మాపటి దాకా తవ్వితే సగం దిగింది.
మిగిలిన సగం ఎవని తాతదో,
కదలలే.

సంగతి విని మదార్ సాబ్ నవ్వలేదు.
"గడ్డపారలు కిరాయికిస్త ఇగ,
షెడ్డు నడవాలె గదా" అన్నడు.

ఇప్పుడు పది క్యాన్లయితే తగలది.
పదకొండయితే తగులుతది.
అందుకే వాగు కాడ
పదకొండోది భుజం మీదికెత్తుకొని
దస్రు నీళ్లల్ల నడుస్తడు తిట్టుకుంట.
క్యాన్ల నడుమ ఈదమ్మ
నేను దిగాల్నా బిడ్డా అంటది.
కూసో అంట.