ఊ కొట్టే గది

షార్జాలో, యూనివర్సిటీ మూడో అంతస్తులో
కిటికీ తెరవడం వీలుకాని గది మాది.
బయట నలభై ఆరు డిగ్రీలు.
లోపల నలుగురు పీజీ విద్యార్థులు, నేను,
పేరు తీసేసిన ఒక గొంతు, రికార్డరులో.

ఇవాళ హెస్సా వంతు.
"పన్నెండో నిమిషం నుంచి వినండి మేడమ్" అంది.
ఒక అబ్బాయి, రెండో సంవత్సరం.
ఇంజనీరింగ్ మా నాన్నకి ఇష్టం, అని ఆగాడు.
ఏసీ హోరు.
నాలుగు సెకన్లు. అయిదు.
ఆరో సెకనులో హెస్సా గొంతు గబగబా:
మరి నీకేది ఇష్టం? నిద్ర పడుతోందా? తింటున్నావా?
అప్పుడే ఓరగా తెరుచుకున్న తలుపుకి
మూడు గొళ్ళాలు.

ఆపాను.
ఎవరి కోసం అడిగావు?
అబాయా అంచు మడత పెట్టి, విప్పి, మళ్ళీ పెట్టి
"నా కోసమే" అంది చాలాసేపటికి.
చూశావా, ఇంతసేపూ నేను మాట్లాడలేదు, అనబోయి
నోరు మూసుకున్నాను.
అదీ గొప్ప చెప్పుకోవడమే.

బోర్డు మీద తెలుగులో రాశాను: ఊఁ.
ఇది సరే కాదు, అవును కాదు,
పాపం అసలే కాదు.
కథ చెప్పేవాళ్ళకి వినేవాళ్ళిచ్చే కూలి.
ఇవ్వకపోతే కథ ఆగిపోతుంది.
ఎక్కువిస్తే కథ మనదైపోతుంది.
"మాకూ ఉంది" అంది కోళిక్కోడు పిల్ల షహనాస్.
యెమెన్ కుర్రాడు బాసిల్ మూడుసార్లు ప్రయత్నించి
"నాది ముసలి పిల్లి మూలిగినట్టుంది" అన్నాడు.
ఆ గదిలో నవ్వు వినపడి ఎన్నాళ్ళయిందో.

నేర్పేవన్నీ ఇంతింత చిన్నవే.
గడియారం వచ్చినవాళ్ళ వెనక గోడకుండాలి.
నీకు కనపడాలి, చూస్తున్నట్టు కనపడకూడదు.
టిష్యూ డబ్బా ముందే వాళ్ళ చేతికందేలా పెట్టు.
ఏడుస్తున్నప్పుడు మాత్రం జరపకు,
జరిపితే, ఇక చాలు తుడుచుకో అన్నట్టు.

సాయంత్రం గంగారాం వస్తాడు, జగిత్యాల మనిషి.
చెత్తబుట్ట వంచి చూసి
"ఈయాల మూడో రూములోల్లు మస్తు ఏడ్సిండ్రు మేడం" అంటాడు.
ఫైళ్ళకి తాళం ఉంది, రికార్డులకి పాస్‌వర్డ్ ఉంది,
గోప్యత మీద నాదొక రెండు గంటల పాఠం ఉంది.
బుట్టకి మూతైనా లేదు.
సంచీ ముడి వేస్తూ, నన్ను చూడకుండా
"మాకు రూమేడిది? క్యాంపుకి పొయ్యే బస్సుల,
లైట్లు బందు చేసినంక" అన్నాడు ఒకరోజు.
ఊఁ అన్నాను.
ఆ ఊ ఇంటిదాకా నాతో వచ్చింది.
అన్నంలో కూడా తగిలింది.

గురువారం, మైసూన్‌తో విడిగా ఒక గంట.
ఆమె రికార్డింగులో తప్పు పట్టేందుకేమీ లేదు.
పదిహేడు సెకన్ల మౌనం ఒకటి,
నిండు గ్లాసు తొణక్కుండా తెచ్చినట్టు మోసింది.
బాగుంది, అన్నాను. చాలా బాగుంది.
ఆమె తన నోట్సు మూసేసింది.

"క్లాసు అయిపోయినప్పుడల్లా మీరొకటి అంటారు.
కథ కంచికి, మనం ఇంటికి."
"అవును, మా వాళ్ళ మాట."
"ఖార్టూమ్‌లో మా వీధి ఫొటో పంపాడు మామయ్య.
వీధి ఉంది మేడమ్.
మనం ఇంటికి అంటే,
ఏ ఇంటికో అడుగుదామని."

ఏసీ హోరు.
నాలుగు సెకన్లు. అయిదు.
ఇరవై రెండేళ్ళుగా ఇదే పని నాకు.
ఆరో సెకనులో నా చెయ్యి
టిష్యూ డబ్బాని ఆమె వైపు తోసింది.

ఆమె ఏడవడం లేదు.
డబ్బా వైపు చూసి, నా వైపు చూసి
"జరిపారు" అంది మెల్లగా.

జరిపాను.

ఆ రోజు ఏ ధ్యాసలో ఉన్నానో,
వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చున్నాను.
గడియారం నా వెనక ఉంది.
టైమెంతయిందో ఆమెకే తెలుసు.