నాలుగో కోత

కాంకార్డియా దాటాక రేడియో చచ్చిపోయే గుట్ట ఒకటుంది.
ప్రొపేన్ ట్యాంకరు ఆ ఎత్తు ఎక్కుతుండగా
ఒక ఆడగొంతు, వెనకాల జారిపోతున్న ఉక్కు గిటారు,
నీ కోటు ఇంకా నా వంటింట్లోనే ఉందని ఏదో అంటూ...
మిగతాదంతా గరగర.
దిగువకి వచ్చేసరికి వాతావరణం చెబుతున్నారు.
బృందం పేరు మాత్రం దక్కింది: ఫోర్త్ కటింగ్.

నాలుగో కోతంటే ఏమిటో మా వైపు పిల్లలకీ తెలుసు.
ఆల్ఫాల్ఫా మూడుసార్లు కోశాక
మంచు పడేలోపు దొరికితే దొరికే గడ్డి,
పొట్టిగా, మెత్తగా, ఆవులు కుమ్ములాడుకునేది.
ఇలాంటి పేరు పెట్టుకున్నవాళ్ళు
టోపీలు అద్దెకి తెచ్చుకునే రకం కాదనుకున్నాను.

శనివారం, సలైనాలో ఓర్లన్ కొట్టు.
ముందు సగం వాక్యూమ్ క్లీనర్ల రిపేరు, వెనక సగం రికార్డులు.
కంట్రీ ఒక గోడకి, రాక్ ఎదుటి గోడకి.
ఏ గోడా రానివ్వనివి
నీళ్ళ హీటరు పక్కన అట్టపెట్టెలో.
అందులో వీళ్ళవి ఐదు.
ఒక అట్ట మీద కంచరగాడిద కన్ను.
ఒకదాని మీద మంచులో ఆగిపోయిన బడి బస్సు.
తుప్పు నీళ్ళ ట్యాంకు. ఉత్త తెల్ల అట్ట.
ఇంకోదాని మీద నలుగురు మగాళ్ళు, ఒకామె,
కెమెరా వైపు ఎవరూ చూడకుండా.
నా జేబులో ఒక్కదానికే డబ్బుంది.

"మూడోది తీసుకో," అన్నాడు ఓర్లన్
గొట్టంలోంచి ఎవరింటిదో పిల్లిబొచ్చు లాగుతూ.
"అప్పటికి వాయించడం వచ్చింది, డబ్బు ఇంకా రాలేదు."
అతని మరదలు థీడా బిల్లుల్లోంచి తలెత్తింది.
"మొదటిదే. ఫిడేలు శ్రుతి తప్పుతుంది.
తప్పిందని వాళ్ళకీ తెలుసు, అయినా ఆపలేదు."
ఎలివేటరు కంపెనీ చొక్కా వేసుకున్న కుర్రాడొకడు
మొదటి మూడూ అసలు లెక్కలోకే రావన్నాడు,
ఆ పాడే ఆమె వచ్చింది నాలుగోదాంట్లోనట.
ముగ్గురూ నన్ను మరిచిపోయి వాదులాడుకున్నారు
పాస్టరుని మార్చాలా వద్దా అన్నంత గట్టిగా.

నేను విన్నది ఆడగొంతు. లెక్క తేలినట్టే.
అయినా చెయ్యి ఊరుకోక
తెల్ల అట్టలోంచి రెండోదాన్ని బయటికి తీసి
కిటికీ వెలుగులో వాలుగా పట్టుకున్నాను.
నల్లటి నేల మీద నిగనిగలాడే చాళ్ళు,
వాటి నడుమ వేలెడు మేర బూడిదరంగు.
అక్కడే ఎవరో
దున్నిందే దున్ని, దున్నిందే దున్ని.
మిగతా పొలమంతా బీడు పెట్టేశారు.
వాళ్ళకి ఆ ఒక్క చాలే చాలింది.

"లొవెల్, అది అరిగిపోయింది," అంది థీడా.
"సగానికే ఇస్తాను, మిగిలినదాంతో కొత్త ముల్లు కొనుక్కో."

మా ప్లేయరు వాస్ కుటుంబం పొలం వేలంలో దొరికింది,
కంచె మేకుల డబ్బాతో కలిపి ఒకే పాటకి.
ముల్లు దించాను.
ఊక తూర్పారబడుతున్నట్టు చప్పుడు,
దాని అడుగున ఒక మగగొంతు.
ఆడమనిషి లేదు, కోటు లేదు, వంటిల్లు లేదు.
బోరు వేసేవాడొకడు అడుగులు లెక్కపెడుతుంటాడు, అంతే.
తొంభై. తొంభై రెండు. బంకమన్ను. గులకరాయి.
నూట పదకొండు దగ్గర ఆగుతాడు.
నీళ్ళు పడ్డాయో లేదో చెప్పడు.

మోసపోయాననే అనుకున్నాను కాసేపు.
కాఫీ పెట్టుకున్నాను. బయట మున్సిపాలిటీ బండి ఉప్పు చల్లుతూ పోయింది.
ఇంత చిన్న లెక్కని అరిగేదాకా విన్నదెవరు,
ఏ ఇంట్లో, దేనికోసం,
చివరికి ఎందుకు అమ్మేసుకున్నట్టు?

లేచి, ముల్లెత్తి
మళ్ళీ తొంభై దగ్గర పెట్టాను.
కొత్త ముల్లు, పాత చాలు.
నా వంతు బూడిద కూడా కాస్త రాలే ఉంటుంది.

ఆ కోటు ఇంకొన్నాళ్ళు ఆ వంటింట్లోనే ఉండనీ.
శుక్రవారం జీతం.